నాయిన ఫోన్లో తెల్ల పేజీ

సృజన మోండా మార్కెట్ నుంచి తెచ్చిన మెంతికూర కట్ట విప్పి ఆకులు తుంచుతోంది. సగం అయ్యేసరికే వేళ్లు పచ్చబడ్డాయి. ఎదురుగా కాడలు ఏరుతున్న తల్లి శ్యామలమ్మ, ఏదో మామూలు సంగతి చెబుతున్నట్టుగా అంది.

"మీ నాయినకు చూపు పూర్తిగ పోయినట్టుందే. నువ్వు చెప్పింది ఫోన్ల తెరిస్తే తెల్లగ తప్ప ఏం కనిపిస్తలేదట. మూడు దినాల సంది గదే పరేషాన్."

సృజన చేతులు ఆగిపోయాయి.

తండ్రి బ్రహ్మచారి వడ్రంగి. రెండు కళ్లలోనూ శుక్లాలు. చెక్కమీద తాను గీసిన గీత తనకే కనబడక రెండు నెలలుగా రంపం పట్టలేదు. ఒక కంటి ఆసుపత్రి ఉచితంగా ఆపరేషన్లు చేస్తామని ప్రకటించింది. పేర్లు నమోదు చేసుకునే పేజీ తయారీ సృజన పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీకి వచ్చింది. రాసింది సృజనే. మస్తు ఈజీ నాయినా, చిన్నపిల్లలు సుత చేస్తరని ఇంట్లో గొప్పగా చెప్పింది. ఆ మాట విన్నాక, తనకు రావడం లేదని ఆయన ఎలా అడుగుతాడు?

చేతులు తుడుచుకుని ఆయన ఫోన్లో పేజీ తెరిచింది. ఆమె కళ్లకూ తెల్లగానే కనిపించింది.

అది ఆరేళ్ల కిందట ఆమె కొనుక్కున్న ఫోన్. ఆ ఇంట్లో కొత్తది కూతురికి, పాతది నాయినకు. దానికి అప్‌డేట్లు రావడం ఎప్పుడో ఆగిపోయింది.

ప్రోగ్రామింగ్ భాషలో ఈమధ్యే వచ్చిన ఒక పద్ధతి సృజనకు తెగ నచ్చింది; ఈ పేజీలోనూ అదే వాడింది. పది వరుసల పని ఒక్క వరుసలో అయిపోతుంది. పాత ఫోన్లకు మాత్రం ఆ వరుస అర్థం కాదు. అక్కడే చతికిలబడి, పేజీ మొత్తాన్నీ వదిలేస్తాయి. అందరి ఫోన్లకూ అది అందేదాకా జెర ఆగమని సీనియర్ విజయేందర్ అప్పుడే చెప్పాడు. ఆఫీసు బల్లమీది ఆరు ఫోన్లలోనూ బాగానే తెరుచుకుంటోందని ఆమె వాదించింది. ఆ ఆరూ కొత్తవే.

ల్యాప్‌టాప్ తెరిచి, ఆ వరుసను పాత పద్ధతిలో మళ్లీ పది వరుసలుగా రాసింది. విజయేందర్‌కు ఫోన్ చేస్తే అతను మందలించలేదు. పేజీ పెట్టి ఎన్ని దినాలైందని మాత్రం అడిగాడు. ఎనిమిది, అంది. సరిచేసిన పేజీని వెంటనే ఎక్కించమన్నాడు.

అరగంటకు నాయిన ఫోన్లో పేజీ తెరుచుకుంది. గడప దగ్గర కూర్చున్న బ్రహ్మచారికి తీసుకెళ్లి ఇచ్చింది. ఆయన దాన్ని ముక్కుకు ఆనించినంత దగ్గరగా పట్టుకున్నాడు.

"మసకగనన్నా అక్షరాలు కనిపిస్తున్నయి. అంటే తప్పు నా కండ్లది కాదా, బిడ్డా?"

"కాదు నాయినా. నేను రాసినదాంట్లనే ఉంది."

కింద ఎర్రగా ఏముందో చదవమన్నాడు. నమోదు గడువు నిన్నటితో ముగిసిందని ఉంది. ఆ వాక్యం కూడా ఆమె రాసిందే.

ఆయన ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు. మేకుకు తగిలించిన సంచి తీసి, కంటి పరీక్ష కాగితాలు లోపలున్నాయో లేదో తడిమి చూసుకున్నాడు. తిని పొమ్మని శ్యామలమ్మ అంటూనే ఉంది. చెప్పులు కాలితో వెతుక్కుని, గోడ పట్టుకుని మెట్లు దిగి, ఆసుపత్రికి పోయే బస్సు కోసం బస్టాపు వైపు వెళ్లిపోయాడు.