సొల్మే చావిడి మళ్లీ తెరిచిన సంగతి

మా జిల్లాలో పెద్దల చావిళ్లన్నీ కరోనా మూలంగా ఫిబ్రవరి చివర్లో మూతపడ్డాయి. మూయించింది నేనే. ఉత్తర్వు జిల్లా నుంచి వచ్చిందనుకోండి. కానీ ముప్ఫై ఒక్క ఊళ్లు తిరిగి, తలుపులకి నోటీసులు అంటించి, తాళం పడిందో లేదో లాగి చూసింది మాత్రం మండల ఆఫీసులో వృద్ధుల పనులు చూసే తక్ హ్యోన్‌జు అనే నేను.

చావిడంటే ఒక్క గది, దాన్నానుకుని ఒక వంటిల్లు. ఒంటరిగా ఉండే ముసలివాళ్లు పొద్దున పదింటికి చేరతారు. ఒకరు బియ్యం కడుగుతారు, ఒకరు ముల్లంగి తరుగుతారు, అందరూ కలిసి తింటారు. కిందనుంచి కాచిన వెచ్చటి నేల మీద కాసేపు నడుం వాలుస్తారు. పూలబొమ్మల పేకాటలో ఒకరినొకరు తిట్టుకుని, చీకటి పడే వేళకి ఇళ్లకి పోతారు. ఐదు నెలలుగా అవేవీ లేవు.

జూలై మూడో వారంలో, చావిళ్లు తెరవొచ్చంటూ జిల్లా నుంచి మార్గదర్శకాలు వచ్చాయి. పదహారు పేజీలు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఐదు వరకే తెరవాలి. మనిషికీ మనిషికీ మధ్య రెండు మీటర్లుండాలి. వంట, తిండి, మద్యం, పేకాట ఏవీ కుదరవు. గుమ్మంలో జ్వరం చూసి పేరు రాసే బాధ్యుడు ఒకరుండాలి. చివర్లో ఊరిపెద్ద సంతకం. సంతకం లేనిదే తాళం తియ్యకూడదు.

నాలుగైదు రోజుల్లో ముప్ఫై ఊళ్లు సంతకాలు పెట్టాయి. సొల్మే పెట్టలేదు.

సొల్మే ఊరిపెద్ద బాంగ్ జోంగ్‌సిక్ గారికి అరవై ఆరేళ్లు, ఆవుల పాక ఉంది. నేను వెళ్లేసరికి పారతో పేడ ఎత్తుతున్నారు. కాగితం చూసి చేతులు కడుక్కున్నారు గానీ పుచ్చుకోలేదు.

"పదహారు పేజీలన్నారుగా. రేపు ఈ చావిట్లో ఎవరికైనా జబ్బు తగిలితే జవాబుదారీ ఎవరో ఏ పేజీలో ఉందో చూపించండి."

తిప్పాను. మళ్లీ మొదటినుంచి తిప్పాను. ఎక్కడా లేదు.

"లేదు కదా. అంటే నేనే." ఆయన పార మళ్లీ అందుకున్నారు. "మార్చిలో మా అన్న ఈ జబ్బుతోనే పోయాడు, తేగు నగరంలో. నాలుగురోజులు ఆస్పత్రి బయట కారులో కూర్చున్నాను. మొహం చూడనివ్వలేదు. ఐదోరోజు డబ్బాలో బూడిద చేతికిచ్చారు. అలాంటి డబ్బా ఇంకొకటి ఈ ఊరికి రానివ్వను. మీరు వెళ్లిరండమ్మా."

కాగితం సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

మర్నాడు ఆఫీసు తెరవగానే ఓక్ మక్‌రే మామ్మ ప్రత్యక్షమైంది. డెబ్బైతొమ్మిదేళ్లు. సొల్మే చావిడికి పెద్ద దిక్కు. నాలుగు కిలోమీటర్లు ముసలివాళ్లు తోసుకుంటూ నడిచే చిన్న చక్రాల బండి ఊతంగా నడిచొచ్చింది. చెమటకి మాస్కు తడిసి మొహానికి అతుక్కుపోయింది.

"ఏమ్మాయ్, పక్కూళ్లో ముసలివాళ్లు చావిట్లో కూర్చుంటున్నారట. మేమేమన్నా తక్కువ ముసలివాళ్లమా?"

జోంగ్‌సిక్ గారి సంగతి చెప్పాను. ఆమె ఎగతాళి చెయ్యలేదు. "వాళ్లన్న నాకూ తెలుసు. మంచివాడు" అంది. తర్వాత యోన్‌దాన్ మాట ఎత్తింది.

యోన్‌దాన్ ఆమె పక్కింటావిడ. జూన్‌లో వంటింట్లో కాలు జారి పడింది. తుంటి విరిగింది. లేవలేక, పిలిస్తే వినేవాళ్లు లేక, రెండురోజులు ఆ నేల మీదే ఉండిపోయింది. మక్‌రే మామ్మ బెండకాయలిద్దామని వెళ్లి చూసింది.

"చావిడుంటే పదింటికి రాకపోతే పదిన్నరకి వెళ్లి తలుపు బాదేవాళ్లం. దానికి కరోనా రాలేదు. రాకుండానే అంత పనీ అయింది. ఇప్పుడు ఆస్పత్రిలో ఉంది, నన్నే ఎవరమ్మా నువ్వంటోంది." గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "ఆ కాగితం చదువు. ఒక్క ముక్క వదలకుండా."

మధ్యలో అద్దం, ఇద్దరికీ మాస్కులు. గంటన్నర చదివాను. నచ్చనిచోటల్లా "ఆగు, మళ్లీ చదువు" అనేది. తిండి కూడదన్నచోట మూడుసార్లు చదివించుకుంది.

"ఉడకబెట్టిన బంగాళాదుంప కూడానా?"

"దుంప కూడా కూడదు మామ్మగారూ."

"ఇది రాసినవాడు పొద్దున్నే సుష్టుగా తినొచ్చి రాసుంటాడు. సరే, కానీ. బాధ్యుడి వయసు ఎంతుండాలన్నారు?"

వెతికాను. వయసు మాటే లేదు.

"అయితే నా పేరు రాసుకో."

"ఊరిపెద్ద సంతకం మాత్రం కావాలి."

"వాడికి కాగితం చూపిస్తే లాభం లేదు. మేం చేసి చూపిస్తాం."

ఆమె మాటకి అర్థం మర్నాడు తెలిసింది. చావిడి తాళం ముట్టుకోలేదు. ముందున్న ఖాళీ స్థలంలో నాట్ల తాడు పరిచింది. వరినాట్లు వంకర పోకుండా పొలంలో అడ్డంగా పట్టుకునే తాడు అది. దాంతో రెండేసి మీటర్లు కొలిచి, సున్నంతో గుర్తులు పెట్టి, గుర్తుకో చాప వేసింది. మొత్తం పదకొండు చాపలు. పైన నీలం టార్పాలిన్. గుమ్మంలో ఉండాల్సిన బల్ల గేటు దగ్గర వేసి, నేనిచ్చిన జ్వరం చూసే యంత్రం, పేర్ల పుస్తకం పెట్టుకు కూర్చుంది. సరిగ్గా ఒంటిగంటకి మొదలు.

ఆరుబయట ఇలా కూర్చోవచ్చో లేదో నాకు తెలియదు. మా ఆఫీసరుని అడిగాను. "నువ్వు అడగలేదు, నేను వినలేదు" అన్నాడాయన. దాన్నే అనుమతి అనుకున్నాను.

ఆ సంవత్సరం వానలు తెరిపివ్వలేదు. టార్పాలిన్ మీద టపటపమని చప్పుడు, కింద పదకొండుమంది ముసలివాళ్లు తలా ఒక దిక్కు. మొదటిరోజు గలాటాగా నడిచింది. మాట వినపడాలంటే అరవాలి. అరిస్తే మాస్కు జారుతుంది. జారితే మక్‌రే మామ్మ గేటు దగ్గర్నుంచి, "ముక్కు! నీ ముక్కు కనపడుతోంది!" అని కేక వేసేది. పిల్‌నం మామ్మకి చెవుడు. పెదాలు చూసి మాట పట్టుకుంటుంది. అందరి నోళ్లూ మూసి ఉండేసరికి అరగంట అటూ ఇటూ చూసి, కళ్లనీళ్లు పెట్టుకుని లేచి వెళ్లిపోయింది.

మక్‌రే మామ్మ ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేసింది. "మీ ఆఫీసులో కాగితాలు పెట్టుకునే ప్లాస్టిక్ అట్టలుంటాయి చూడు, అవతలికి కనపడేవి. ఒక డజను పట్రా." పట్టుకెళ్లాను. ఒక్కో మాస్కుకి నోటి దగ్గర కిటికీలా కత్తిరించి, ఆ ప్లాస్టిక్ ముక్క కుట్టేసింది. ఇది ఆ పదహారు పేజీలకీ ఒప్పుతుందో లేదో నేను జిల్లాకి రాసి అడగలేదు. పిల్‌నం మామ్మ మాత్రం తిరిగొచ్చింది. కిటికీలోంచి పళ్లులేని నోళ్లు చూసి నవ్వాపుకోలేకపోయింది.

మూడోరోజు దల్సు తాత చొక్కా లోపల బియ్యపు కల్లు సీసా దాచుకుని వచ్చాడు. ఆయన మక్‌రే మామ్మకి స్వయానా మరిది. ఆమె ఆయన నుదుటికి యంత్రం పెట్టి, తర్వాత ముక్కు ఎగబీల్చింది.

"జ్వరం లేదు. సీసా ఉంది. ఇంటికెళ్లు."

"వదినా, వాన పడుతోంది. ఒక్క గుక్క..."

"గుక్క మీ ఇంట్లో తాగు. జోంగ్‌సిక్ గోడ మీంచి చూస్తున్నాడు. నీ ఒక్కడి గుక్క కోసం పదిమందిని మళ్లీ గోడలతో మాట్లాడుకోమంటావా?"

దల్సు తాత గొణుక్కుంటూ పోయాడు. అరగంటకి ఉత్త చేతులతో తిరిగొచ్చి తన చాప మీద కూర్చున్నాడు. జోంగ్‌సిక్ గారు నిజంగానే చూస్తున్నారు. ఆవుల పాక గోడ వెనక టోపీ కనపడేది, కాసేపటికి మాయమయ్యేది.

అంతా ఒక దారిన పడిందనుకుంటుండగా ఆదివారం మక్‌రే మామ్మ కొడుకు వచ్చాడు. తేజోన్ నగరంలో ఉంటాడు. అమ్మని చూసి చాలారోజులైందని, చెప్పకుండా పీచ్ పళ్ల పెట్టెతో దిగాడు. కలిసి అన్నం తిన్నారు. అతను వెళ్లిన రాత్రే, అతనుండే పేటలో కేసులు బయటపడ్డాయని టీవీలో చెప్పారు.

సోమవారం మధ్యాహ్నం నేను వెళ్లేసరికి మక్‌రే మామ్మ గేటు దగ్గర లేదు. బల్ల ఉంది, పుస్తకం ఉంది, యంత్రం ఉంది. కుర్చీ ఖాళీ. ముసలివాళ్లు గొడుగుల కింద నిలబడి ఉన్నారు, లోపలికి వెళ్లమని చెప్పేవాళ్లు లేరు. ఆమె ఎక్కడుందా అని చూస్తే, వీధి అవతల తన ఇంటి గేటు లోపల నిలబడి ఉంది.

"మామ్మగారూ, ఏమైంది?"

"దగ్గరికి రాకు! తొమ్మిదో పేజీ. కేసులున్న ఊరి నుంచి వచ్చినవాళ్లతో కలిసినవాళ్లు పద్నాలుగు రోజులు ఇల్లు కదలకూడదు. నేను కలిశాను. కలిసి అన్నం తిన్నాను."

"మరి వీళ్లనెవరు చూస్తారు?"

ఆమె నా వైపు చూడలేదు. ఆవుల పాక గోడ వైపు తిరిగి, వాన చప్పుడుని మించిన గొంతుతో పిలిచింది.

"జోంగ్‌సిక్! అక్కడున్నావని తెలుసు. రా ఇలా."

టోపీ కదిలింది. కాసేపటికి ఆయన రోడ్డు మీదికి వచ్చారు. "ఏంటక్కా?"

"నేను పద్నాలుగు రోజులు రాలేను. ఆ యంత్రం ఎవరో ఒకరు పట్టుకోవాలి."

"నేను మొదట్నుంచీ వద్దనే అన్నాను. చూశావా, నీ ఇంటి దాకానే వచ్చింది."

"వచ్చింది. వచ్చిందని తెలిసింది కాబట్టే గేటేసుకున్నాను. తెలియకపోతే అందరిళ్లకీ వెళ్లి తలా రెండు పీచ్ పళ్లు పంచేదాన్ని." ఆమె గొంతు కొంచెం తగ్గింది. "భయం నాకు లేదనుకుంటున్నావా? రాత్రంతా నిద్రలేదు. నువ్వు భయపడటం తప్పని నేనెప్పుడూ అనలేదు. భయపడేవాడే ఆ కుర్చీలో కూర్చోవాలి. దల్సుని కూర్చోబెట్టమంటావా?"

గొడుగు కిందనుంచి దల్సు తాత "నేను విన్నాను వదినా" అన్నాడు.

జోంగ్‌సిక్ గారు చాలాసేపు రోడ్డు మధ్యలో తడుస్తూ నిలబడ్డారు. తర్వాత వెళ్లి యంత్రం తీసుకున్నారు. ఎటు పట్టుకోవాలో తెలియక ముందు తన నుదుటికే పెట్టుకున్నారు. "ముప్ఫై ఆరున్నర, జ్వరం లేదు" అని తనకి తనే చెప్పుకుని, పుస్తకంలో మొదట తన పేరు రాశారు. పిల్‌నం మామ్మ వంతు వచ్చినప్పుడు మాస్కు కిటికీ కేసి చూసి, "ఇదెవరి తెలివి?" అని అడిగారు. ఎదురింటి గేటు లోపల్నుంచి, "నాదే" అని జవాబొచ్చింది.

ఆయన రోజూ ఒంటిగంటకి ముందే వచ్చేవారు. మక్‌రే మామ్మకన్నా కఠినంగా ఉండేవారు. దగ్గిన వాళ్లని సొంత ట్రక్కులో పరీక్షకి తీసుకెళ్లి తీసుకొచ్చారు. శుక్రవారం పెద్ద గాలివాన కొట్టి టార్పాలిన్ ఒక పక్క చిరిగింది. నీళ్లన్నీ పిల్‌నం మామ్మ మీద పడ్డాయి. ఆమె చాప కొంచెం జరుపుకుని, సున్నం గుర్తు దాటిపోయానేమోనని మళ్లీ వెనక్కి, ఆ నీళ్లలోకే జరుపుకుంది. అది చూసి జోంగ్‌సిక్ గారు నా వైపు తిరిగారు.

"ఆ కాగితం ఉందా?"

సంచిలో రోజూ పెట్టుకునే తిరుగుతున్నాను. ట్రక్కు బానెట్ మీద పెట్టి, తడవకుండా ఒక చెయ్యి అడ్డుపెట్టి సంతకం చేశారు. "రోజుకి ఆరుగురే. ఆ గదిలో అంతకన్నా పట్టరు. కొలిచాను" అన్నారు. ఎప్పుడు కొలిచారో నేనడగలేదు.

ఆగస్టు మూడున చావిడి తలుపులు తీశారు. ఆ రోజు మక్‌రే మామ్మ లేదు. కొడుక్కి పరీక్షలో జబ్బు లేదని తేలి అప్పటికి నాలుగురోజులైంది. ఆ మాట చెప్పి, రమ్మని పిలిచాను.

"కాగితంలో ఎన్నిరోజులని ఉంది?"

"పద్నాలుగు."

"ఇంకా ఎన్నున్నాయి?"

"ఆరు."

"మరి పిలుస్తావేంటి?" అని, తన గేటు లోపల స్టూలు మీద కూర్చుని, ఎదురుగా ఒక్కొక్కరే లోపలికి పోవడం చూసింది. తలుపులోంచి వాళ్లు చేతులూపారు. ఆమె కూడా ఊపింది. ఆ తర్వాత లోపలికి వెళ్లి గట్టిగా తలుపేసుకుంది.

ఆమె గడువు తీరి చావిట్లో కూర్చున్నది పన్నెండు రోజులు. ఇరవై రెండో తారీఖున మళ్లీ మూయమని ఉత్తర్వు. రాజధాని వైపు కేసులు ఒక్కసారిగా పెరిగాయి. నోటీసు నేనే తీసుకెళ్లాను. జోంగ్‌సిక్ గారు చదివి, తాళం తీసుకొచ్చారు. మక్‌రే మామ్మ నన్ను ఓదార్చలేదు, తిట్టనూ లేదు.

"మూద్దాం. పోయినసారి మూసి ఎవరిళ్లలో వాళ్లం ఊరుకున్నాం. అక్కడే చెడింది" అంది. అక్కడికక్కడే ఇద్దరిద్దరిని జత చేసింది. పొద్దున తొమ్మిదికి ఎవరి గేటు వాళ్లు తియ్యాలి. తియ్యకపోతే జతలోని రెండోవాళ్లు వెళ్లి చూడాలి. "పిల్‌నంకి తలుపు కొడితే వినపడదు. వంటింటి కిటికీ దగ్గరికెళ్లి చెయ్యి ఊపాలి." దల్సు తాత జత జోంగ్‌సిక్ గారు. ఇద్దరూ మొహాలు చిట్లించారు గానీ కాదనలేదు.

సెప్టెంబరులో ఒకరోజు దల్సు తాత గేటు తొమ్మిదిన్నరకీ తెరుచుకోలేదు. జోంగ్‌సిక్ గారు గోడ దూకి వెళ్లేసరికి ఆయన షుగరు పడిపోయి మంచం పక్కన ఉన్నాడు. గంటలో ఆస్పత్రి చేరాడు. వారానికి ఇంటికొచ్చి, గోడ మీది పెంకులు రెండు పగలగొట్టావని జోంగ్‌సిక్ గారితో తగువు పెట్టుకున్నాడు.

అక్టోబరులో మళ్లీ తెరవమన్న కాగితం వచ్చింది. నేను ఫోన్ ఎత్తేలోపే జోంగ్‌సిక్ గారు చేశారు. "వచ్చిందటగా? ఇంకా అక్కడే కూర్చున్నారేం?"

వెళ్లేసరికి చావిడి కిటికీలన్నీ బార్లా తీసి ఉన్నాయి. మక్‌రే మామ్మ మోకాళ్ల మీద నేల తుడుస్తోంది.

"మామ్మగారూ, ఉత్తర్వు రేపటినుంచి కదా" అన్నాను.

"తెరిచేది రేపే. తుడుచుకోడానిక్కూడా మీ కాగితం కావాలా?" అంటూ తడిగుడ్డ ఒకటి నా వైపు విసిరింది. "నువ్వు ఆ మూల పట్టు."

చెప్పులు విప్పి లోపలికెళ్లాను.