కాగితం లేని నావికుడు

నౌకాదళ యుద్ధాల మీద తెలుగులో ఆరు పుస్తకాలు రాశాను. చదివినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకే ఫిలింనగర్ నుంచి పిలుపు రాగానే, ఈ డెబ్బై ఆరేళ్ల సుందర్ రాజు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని షేక్‌పేట నుంచి ఆటోలో పరిగెత్తాడు.

దర్శకుడు చరణ్ తేజ నా మొదటి పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పేజీపేజీకీ గుర్తులు. ముచ్చటేసింది.

"మా క్లైమాక్స్ మీ పుస్తకంలోదే సార్. నౌక మునుగుతుంటే కెప్టెన్ ఇంజిన్ గది తలుపు లోపలి నుంచి మూసేసుకుంటాడు. తను పోయి తొంభైమందిని బతికిస్తాడు. ఇది నిజమేనని మీరొక ఉత్తరం రాసివ్వండి. తెర మీద మొదటి పేరు మీదే."

తెర మీద నా పేరు! పెన్ను తీశాను గానీ మళ్లీ మూత పెట్టేశాను.

ఆ తలుపు మూసింది కెప్టెన్ కాదు, ఇంజిన్ గదిలో పనిచేసే లియో.

పుస్తకం రాగానే, చనిపోయిన ప్రతి నావికుడి ఇంటికీ వెళ్లి ఒక ప్రతి ఇవ్వడం నా పద్ధతి. ఇరవై ఏళ్ల క్రితం అలాగే బోరబండలో లియో భార్య అంతోనమ్మకు ఇచ్చాను. ఆ పేజీ చదివి, "తలుపు మూసింది మా ఆయనండీ. ఆ నౌక నుంచి బతికొచ్చినాయన ఇంటికొచ్చి చెప్పారు" అంది.

నేను మహా చరిత్రకారుణ్ణి కదా! "కాగితం ఉందా అమ్మా?" అన్నాను.

నివేదికలు రాసేది అధికారులు. ఇంజిన్ దగ్గర చెమటోడ్చేవాడికి కాగితం ఎక్కడిది? తర్వాత ఆ బతికొచ్చినాయన్ని వెతికి కలిశాను. ఆమె చెప్పిందే నిజం. అయినా రెండో ముద్రణలో దిద్దలేదు. ఒక తప్పు ఒప్పుకుంటే మిగతావి ఎవరు నమ్ముతారని భయపడ్డాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"ఇక్కడ నేను తప్పు రాశాను బాబూ. మూసింది లియో అనే నావికుడు."

"ఎవరికి తెలుస్తుంది సార్? మా హీరో కెప్టెన్. ఉత్తరం లేకపోతే మీ పేరు వేయలేను మరి."

"వేయొద్దులే" అన్నాను. ఎదురుగా ఉన్న పుస్తకం అడిగి తీసుకుని, కెప్టెన్ పేరు కొట్టేసి లియో పేరు రాశాను. కింద సంతకం పెట్టి, ఆ పుస్తకం పట్టుకుని అటునుంచి అటే బోరబండ వెళ్లాను.

అంతోనమ్మ కళ్లద్దాలు పెట్టుకుని ఆ పేజీ నిదానంగా చదివింది. తర్వాత నా మొహంలోకి చూసింది.

"కాగితం ఉందాండీ?"

నా సంతకం మీద వేలు పెట్టి చూపించాను. "ఇదేనమ్మా" అన్నాను.

ఆమె లేచి బీరువాలోంచి నేనప్పుడిచ్చిన ప్రతి తెచ్చింది. ఆ పేజీ తీసి నా ముందు పెట్టింది.

"అయితే ఇందులో కూడా దిద్దండి."