మలుపుకి ఇవతల

"ఆపు, ఆపు! ఆ మలుపు తిరిగితే మనవాళ్ళు కనబడతారు. దిగు," అన్నారు మా ఆయన, వెనక సీట్లోంచి నా భుజం తడుతూ.

బండి పక్కకి తీసి ఆపాను. నేను దిగాను. ఆయన ముందుకి జరిగి హ్యాండిల్ పట్టుకున్నారు. నేను వెనకెక్కి, మొదటి గేరు ఎలా వెయ్యాలో, క్లచ్ ఎంత మెల్లిగా వదలాలో ఆయన చెవి దగ్గర చెప్తూ, పైకి మాత్రం నవ్వు మొహం పెట్టుకుని కూర్చున్నాను. బండి మూలుగుతూ, కుదుపుతూ రెండొందల అడుగులు నడిచి, బీచి దగ్గర నిలబడ్డ ఆయన ఆఫీసువాళ్ళ ముందు టక్కున ఆగిపోయింది. ఆగడమంటే ఇంజిన్ ఆరిపోయింది. ఈయన అదేదో తనే కావాలని ఆపినట్టు స్టాండు వేసి, హెల్మెట్ తీసి, జుట్టు సవరించుకున్నారు.

"ఏమయ్యా, గేర్ల బండి కూడానా! ఇన్నాళ్ళూ చెప్పనే లేదే," అన్నారు మేనేజరుగారు.

"ఇదెంత పని సార్," అన్నారు ఈయన.

నాకు నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది. రెండూ ఒకేసారి. ఏ ఒక్కటీ బయటికి రానివ్వకుండా సముద్రం వైపు తిరిగాను.

చలికాలం సెలవులకి ఈయన ఆఫీసువాళ్ళు ఆరు కుటుంబాలం కలిసి ఈ దీవికి వచ్చాం. ఊళ్ళో స్వెట్టరు లేనిదే గుమ్మం దాటని వాళ్ళం, ఇక్కడ పొద్దున్న ఎనిమిదింటికే ఎండకి కళ్ళు చికిలించుకుంటున్నాం. పిల్లలకో వ్యాను మాట్లాడారు. పెద్దవాళ్ళం బండ్లు అద్దెకి తీసుకుని దీవంతా చుట్టేద్దామన్నారు. అందరికంటే ముందు చెయ్యెత్తింది ఈయనే. ఇంటి దగ్గర ఈయనగారు నడిపేది గేర్లు లేని స్కూటరు. అది ఆఫీసుకి తిన్నగా వెళ్ళి తిన్నగా వస్తుంది. పొద్దున్న నేను పాపకి జడ వేసి, ఈయన చొక్కా ఇస్త్రీ చేసి, ఈయన తల మీదే ఉన్న చలవ కళ్ళజోడు గదంతా వెతికి తెచ్చేసరికి అందరూ వెళ్ళిపోయారు. అద్దె కొట్లో స్కూటర్లన్నీ అయిపోయాయి. మిగిలింది ఒకటే, ఎర్ర మోటారు సైకిలు, గేర్లది. కొట్టావిడ మా ఇద్దరి లైసెన్సులూ తిప్పి చూసి, గేర్ల బండికి చెల్లదంటూ ఈయన చాచిన చేతిలో ఈయన లైసెన్సు పెట్టి, తాళంచెవి నాకిచ్చింది. ఈయన నా వైపు చూశారు. మేజోళ్ళు కనబడనప్పుడు చూస్తారే, అచ్చం అలాగ.

"నీకింకా గుర్తుందా?" అన్నారు.

గుర్తుండకపోవడమేమిటి? మా నాన్నది బండ్లు బాగుచేసే షెడ్డు. పద్నాలుగేళ్ళు వచ్చాక, షెడ్డు వెనక ఖాళీ స్థలంలో, రిపేరైన ప్రతి బండినీ ట్రయల్ వేసేది నేనే. "దానికేం తక్కువైందో అడిగి రామ్మా," అనేవాడు నాన్న. నేను రెండు చుట్లు తిప్పి వచ్చి, "రెండో గేరు దగ్గర విసుక్కుంటోంది నాన్నా," అంటే మళ్ళీ విప్పేవాడు. పెద్ద మెకానిక్కులు కూడా నా మాట మీద బండి విప్పేవాళ్ళంటే నమ్ముతారా? మొదట్లో మా ఆయనే నమ్మలేదు. పెళ్ళైన కొత్తలో మరిది బండి తీసి వీధి చివరిదాకా వెళ్ళొచ్చాను, అంతే. మా అత్తగారు గుమ్మంలోనే పట్టుకున్నారు. "చాలు తల్లీ. రేపు వాణ్ణి వెనక కూర్చోబెట్టుకుని ఊరేగుతావు. నలుగురూ ఏమనుకుంటారు? వాడి పరువేం కాను?" ఈయన పేపరు మడిచి, "అమ్మ చెప్పిందిగా," అన్నారు. ఆ రెండు మాటలతో పన్నెండేళ్ళు గడిచిపోయాయి. లైసెన్సు మాత్రం గడువు తీరగానే ఎవరికీ చెప్పకుండా రెన్యువల్ చేయించుకున్నాను. ఎందుకని అడిగితే ఏం చెప్పేదాన్నో నాకే తెలీదు.

నిజం చెప్పొద్దూ, ఈ సీట్లు మారే పని నాకు కొత్తేం కాదు. స్కూల్లో నేను సైన్సు టీచర్ని. ప్రదర్శన కోసం మూడు వారాలు ఆదివారాలు కూడా మానుకుని పిల్లలతో పడతాను. తనిఖీకి వచ్చినవాళ్ళు ల్యాబ్ గుమ్మం దగ్గరికి రాగానే హెడ్మాస్టరుగారు నాకు అడ్డంగా వచ్చి, "దగ్గరుండి చేయించాను," అంటారు. ఇంటికి ఇరవైమంది భోజనానికొస్తే ఈయన హాల్లో నిలబడి, "మా ఇంట్లో భోజనమంటే ఇలా ఉంటుంది మరి!" అంటారు. నేను వంటింట్లో అట్లకాడతో. ఈయన ఆఫీసు రిపోర్టులు రాసేది నేను, సంతకం ఈయనది. అలవాటైపోయింది. అలవాటైపోయిందనే మాట ఎంత చల్లగా నోట్లోంచి వచ్చేస్తుందో చూడండి.

కానీ ఆ బండి మీద మాత్రం, అబ్బ! మలుపుకీ మలుపుకీ మధ్య దారంతా నాది. మూడో గేరులోంచి నాలుగుకి మార్చినప్పుడు ఇంజిను గొంతు తేలికపడింది. నా ఎడమ కాలు నన్నడక్కుండానే పని చేసుకుపోతోంది. కుడివైపు సముద్రం, ఎడమవైపు గడ్డి కొండలు, మొహం నిండా ఎండ, చేతుల మీద ఉప్పుగాలి. గుంత కనబడకముందే నా చేతులకి తెలుస్తోంది. ముప్పై ఎనిమిదేళ్ళదాన్ని, గొంతెత్తి అరవాలనిపించింది. అరిచాను కూడా.

"నెమ్మది, నెమ్మది!" అన్నారు ఈయన వెనక కమ్మీ పట్టుకుని. కాసేపటికి ఆ మాట మానేశారు. మరి కాసేపటికి, "బాగానే నడుపుతున్నావే," అన్నారు మెల్లిగా. ఆ ఒక్క మాటకి పొంగిపోయాను. పొంగిపోయినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

భోజనాల దగ్గర మళ్ళీ అదే తంతు. మలుపుకి ఇవతల దిగడం, వెనకెక్కడం, చెవిలో క్లచ్ పాఠం. ఫోటో తీసేటప్పుడు ఈయన హ్యాండిల్ మీద చెయ్యేసి నిలబడి, "నువ్వు కొంచెం పక్కకి జరుగు, బండి కనబడట్లేదు," అన్నారు. జరిగాను. అన్నాలు తింటుండగా మా పాప, తొమ్మిదేళ్ళది, వ్యాను పిల్లల మధ్య నిలబడి గట్టిగా చెప్పింది. "మా నాన్న ఎంత బాగా నడుపుతాడో! నేను పెద్దయ్యాక ఇలాగే బండి నడిపే మొగుణ్ణి చేసుకుంటా. నేను హాయిగా వెనక కూర్చుంటా."

అందరూ పకపకా నవ్వారు. ఈయనైతే మురిసిపోయారు. నాకు చేతిలో ముద్ద నోటిదాకా రాలేదు. అత్తగారన్నారు, సరే. హెడ్మాస్టరు అడ్డం వచ్చారు, సరే. నేను కన్నపిల్ల నోట్లోకి ఈ మాట ఎవరు పెట్టారు? ఈయన ఒక్కరేనా? మలుపు మలుపుకీ బుద్ధిగా దిగి వెనకెక్కిందెవరు? నేనే కదూ. నా కూతురికి నేనే చూపిస్తున్నాను, ఆడదాని చోటు ఎక్కడో.

చివరి మజిలీ కొండమీద లైట్‌హౌస్. అప్పటికే అందరూ పైకి చేరిపోయారు. దారి పాములా మెలికలు తిరుగుతూ ఎక్కుతోంది. రెండో గేరులో బండి మమ్మల్నిద్దరినీ మోసుకుంటూ కిక్కురుమనకుండా ఎక్కుతోంది. ఆఖరి మలుపు ముందు నా భుజం మీద చెయ్యి పడింది.

"ఆపు. దిగు."

ఆపలేదు.

"వినబడలేదా? ఆపమంటుంటే!"

"వినబడింది," అన్నాను.

అంత ఎత్తులో ఆపితే ఆయన చేతిలో బండి వెనక్కి జారుతుంది, అందుకే ఆపలేదని చెప్పుకోవచ్చు. అబద్ధమెందుకు? చదునుగా ఉన్నా ఆపేదాన్ని కాదు. "నా పరువు తీస్తావా?" అన్నారు. మలుపు తిరిగాను. ఎదురుగా అందరూ ఉన్నారు, వాళ్ళలో మా పాప. నేరుగా వాళ్ళ మధ్యకి పోనిచ్చి, మేనేజరుగారి బూట్లకి మూరెడు దూరంలో కుదుపు లేకుండా ఆపాను. ఇంజిను నేనే ఆపాను, అదేం ఆరిపోలేదు.

"ఇదేంటమ్మా, మీరు నడుపుతున్నారు!" అన్నారు మేనేజరుగారు.

ఈయన హెల్మెట్ తీస్తూ నవ్వారు. "సరదా పడింది సార్. పోనీలే అని ఈ ఒక్క మలుపూ ఇచ్చా."

నేను అక్కడితో ఊరుకుంటే అందరూ నవ్వేసేవాళ్ళు, టీ తాగేవాళ్ళం. ఊరుకోలేదు.

"లేదండీ. పొద్దున్నుంచీ నేనే నడుపుతున్నాను. ఆయనకి గేర్లు రావు. మీకు కనబడేముందు సీట్లు మారుతున్నాం, అంతే."

ఎవరూ నవ్వలేదు. ఈయన మొహం చూస్తే పాపం అనిపించింది. అనిపించినా మాట వెనక్కి తీసుకోలేదు.

పాప పరిగెత్తుకుంటూ వచ్చి బండి పక్కన నిలబడింది. "అమ్మా, నిజంగా నువ్వేనా? దీవంతా?"

"దీవంతా."

"ఎవరు నేర్పారు?"

"మీ తాతయ్య."

అది నన్ను కొత్తగా, పై నుంచి కిందిదాకా చూసింది. జడలు వేసే అమ్మని, డబ్బా సర్దే అమ్మని కాదు. ఇంతమందిలో, ఇంత ఎండలో, నా మీద నాకు ఎంత గర్వమనిపించిందో చెప్పలేను. సిగ్గు కూడా పడలేదు.

"నాకు నేర్పుతావా?"

"నీ కాళ్ళు నేలకి అందాక. ఇప్పటికి గట్టిగా పట్టుకుని దారి చూడు," అన్నాను. ఆయన చేతిలోని హెల్మెట్ తీసుకుని పాప తలకి పెట్టి, పట్టీ బిగించి, వెనక ఎక్కించుకున్నాను. ఈయన ఖాళీ చేతులతో నిలబడి, "మరి నేను?" అన్నారు.

బండి స్టార్ట్ చేశాను.

"మీరు పిల్లలతో వ్యాన్లో రండి."