దమయంతి లేని బుడాపెస్ట్

దమయంతికి ముప్పై తొమ్మిదో ఏట మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. ఆర్థ్రైటిస్ అన్నారు డాక్టర్లు. అమెరికాలో డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లో కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో ఆమె టెస్ట్ ఇంజనీరు. రోజంతా నిలబడే పని వదులుకుని, కూర్చుని చేసే పనికి మారింది. ఆ చలికాలమే లైబ్రరీలో ఒక పుస్తకంలో బుడాపెస్ట్ స్నానశాలల ఫొటోలు చూసింది. చుట్టూ మంచు. పొగలు కక్కే వేడినీళ్ళలో ఛాతీదాకా మునిగి, ఇద్దరు ముసలాయనలు తీరిగ్గా చదరంగం ఆడుకుంటున్నారు.

ఆ పుస్తకాన్ని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండే ఉషా దగ్గరికి తీసుకెళ్ళింది. అమెరికా వచ్చిన కొత్తలో ఇద్దరివీ ఎదురెదురు అపార్ట్‌మెంట్లు. ఒకే పాత కారులో డ్రైవింగ్ నేర్చుకున్నారు. పన్నెండేళ్ళ స్నేహం.

“పోదాం పదవే. మనిద్దరమే, ఇంకెవరూ వద్దు” అంది ఉషా.

రెండేళ్ళు పట్టింది అనుకున్నది ఒక రూపానికి రావడానికి. ఏ రోజు ఏం చూడాలో దమయంతే రాసింది. పార్లమెంటు భవనాన్ని దగ్గర నుంచి కాక నది అవతలి గట్టు నుంచి చూడాలి. కోట ఉన్న కొండకి మెట్లెక్కకుండా చిన్న రైలు పెట్టె ఉంది. సెచేని స్నానశాలకి పొద్దున ఏడింటికల్లా వెళ్తే జనం ఉండరు. తన మోకాళ్ళు ఎక్కడ నొప్పెడతాయో ముందే లెక్కేసుకుని, ప్రతి పూటా ఎక్కడ కూర్చోవాలో కూడా రాసుకుంది. రాసిందంతా ఉషాకి మెయిల్ చేసింది.

2012 మార్చిలో వెళ్ళాలనుకున్నారు. జనవరిలో ఉషా ఫోన్ చేసింది.

“ట్రిప్ క్యాన్సిల్ చేద్దామే. మార్చిలో మాకు సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది. మేనేజర్ లీవ్ ఇవ్వనంటున్నాడు.”

“ఏం పర్లేదు, ఫాల్‌లో, అక్టోబర్‌కి వెళ్దాం” అంది దమయంతి. ఉషాయే ఎక్కువ బాధపడుతోందనుకుంది. ఆ శనివారం పులిహోర చేసి పట్టుకెళ్ళి ఇచ్చి వచ్చింది కూడా.

ఏప్రిల్‌లో వసుమతి అనే ఆవిడ వాళ్ళిద్దరి కుటుంబాలనూ భోజనానికి పిలిచింది. ఆవిడ ఉషాకి పక్కింటావిడ, దమయంతికి ముఖపరిచయం. దమయంతి చెప్పులు విప్పుతుండగానే ఉషా కూతురు దియ ఎదురొచ్చింది. పదమూడేళ్ళ పిల్ల.

“ఆంటీ, మీకు తగ్గిందా? మీరు వెరీ సిక్ అని చెప్పింది మామ్. అందుకే బుడాపెస్ట్ రాలేదు కదా. వి మిస్డ్ యూ.”

దమయంతి రెండో చెప్పూ విప్పింది. “తగ్గిందమ్మా” అంది.

లోపల టీవీలో ఫొటోలు నడుస్తున్నాయి. పసుపురంగు గోడల మధ్య వేడినీళ్ళలో ఉషా, వసుమతి, దియ నవ్వుతున్నారు. తర్వాత నది, అవతల పార్లమెంటు.

“ఉషా ఎంత బాగా ప్లాన్ చేసిందో చూడండి” అంటోంది వసుమతి అందరితో. “ఇది ఇటు గట్టు నుంచే చూడాలని ముందే రాసిపెట్టుకుంది. స్నానానికి పొద్దున ఏడింటికే లేపి తీసుకెళ్ళింది.”

సోఫాలో ఉన్న ఉషా దమయంతిని చూసింది. చూపు తిప్పుకుని వెంటనే లేచి వంటింట్లోకి వెళ్ళింది. దమయంతి వెనకే వెళ్ళింది.

“నీకు చెప్తే బాధపడతావని…” అంది ఉషా.

“ఇప్పుడు బాధ లేదా?”

“అక్కడన్నీ రాళ్ళ రోడ్లే. వసుమతి కూడా వస్తానంది. తను ఫాస్ట్‌గా నడుస్తుంది. ప్రతి చోటా నీకోసం ఆగాలంటే ఎలా? అయినా నేనొక్కదాన్నే డిసైడ్ చేయలేదు. మీ ఆయన్నీ అడిగాను. దమయంతి వల్ల కాదు, క్యాన్సిల్ అయిందని చెప్పేయండి అని ఆయనే అన్నారు.”

దమయంతి హాల్లోకి చూసింది. భర్త జగదీష్ చేతిలో పళ్ళెంతో ఎవరితోనో కార్ల గురించి మాట్లాడుతున్నాడు. టీవీ వైపు ఒక్కసారి కూడా తిరగడం లేదు. తెలిసినవాడే అలా కూర్చోగలడని ఆమెకి అర్థమైంది.

భోంచేయకుండానే బయల్దేరారు. కారులో అతనే ముందు మాట్లాడాడు.

“నీ మంచికే చేశాను. అక్కడ పడితే ఎవరు చూస్తారు?”

“జనవరి నుంచి ఉషా మేనేజర్‌ని తిట్టుకుంటున్నాను. మీరు పక్కనే కూర్చుని విన్నారు.”

“చెప్తే గొడవవుతుందని.”

“నడవగలవా అని ఒక్కసారి నన్ను అడగాల్సింది.”

ఆమె కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. ఉషా వదిలేసి వెళ్ళినందుకు కోపంగానే ఉంది. కానీ తన గురించి తను లేకుండా ఇద్దరూ కూర్చుని తేల్చేశారే, అది ఎక్కువ నొప్పెట్టింది. ఉషా ఆ వారంలో మూడు మెయిళ్ళు పంపింది. దమయంతి చదివింది, జవాబివ్వలేదు.

అక్టోబర్‌లో ఒక్కతే బుడాపెస్ట్ వెళ్ళింది. తనూ వస్తానన్నాడు జగదీష్. వద్దంది. రాళ్ళ రోడ్ల మీద నిజంగానే నొప్పెట్టింది. ఆగింది, కూర్చుంది, మళ్ళీ నడిచింది. ఎవరూ తొందరపెట్టలేదు. వారంలో నాలుగు పొద్దులు వేడినీళ్ళలోనే గడిపింది. రెండో రోజు పక్కనున్న ముసలావిడ సైగలతో ఆమె మోకాలు చూపించి, తన మోకాలూ చూపించి నవ్వింది. ఏప్రిల్ తర్వాత దమయంతి మనసారా నవ్వింది అప్పుడే.

తిరిగొచ్చాక డెట్రాయిట్ ఎయిర్‌పోర్టులో జగదీష్ సూట్‌కేసు అందుకున్నాడు. ఎలా జరిగిందని అడిగాడు. బాగా జరిగిందని చెప్పింది. ఆ ముసలావిడ సంగతి మాత్రం చెప్పాలనిపించలేదు.

అదే ఇంట్లో, అదే మనిషితో ఉంటోంది. కాకపోతే అతను ఎప్పుడైనా ‘వాళ్ళు రావడం లేదట’ అంటే, ఆమె సరేనని ఊరుకోదు. ఫోన్ తీసి, వాళ్ళనే అడుగుతుంది.