ఆవలింత దాటని కథ

హోటల్లో బట్టలుతికే గదిలో అందరూ ఆమెను మడతలమ్మ అనేవారు. ఎంత పెద్ద దుప్పటైనా నాలుగు మూలలు కలిపి అరచేత్తో ఒక్కసారి నిమిరితే చాలు, ఇస్త్రీ చేసినట్టు పడుండేది. అలాంటి మనిషికి ఆ వారం చేతులు ఆడలేదు. దిండు గలీబుల దొంతరలో తువ్వాళ్ళు పెట్టింది. తువ్వాళ్ళు లెక్కపెడుతూ మధ్యలో అంకె మర్చిపోయింది. కారణం ఆరేళ్ళ కూతురు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఒక కథ.

కూతురిని ఇంట్లో వసపిట్ట అంటారు. మెలకువగా ఉంటే మాటలు, నిద్రపోతే గురక. గొంతులో గడ్డలు వాచి ఊపిరాడడం లేదు, గురువారం తీసేద్దామన్నాడు డాక్టరు. "నీకేమీ తెలీదమ్మా. మందిచ్చి నిద్రపుచ్చేస్తాం," అని పిల్ల బుగ్గ తట్టాడు. అప్పటిదాకా కుర్చీలో కాళ్ళూపుతున్న పిల్ల ఊపడం మానేసింది.

సాయంత్రం జడ వేయించుకుంటూ అంది, "నేను గురువారానికి రాను."

"గురువారానికి రాకపోవడం ఏంటే?"

"ముసలమ్మ కథ చివర చెప్పు, అప్పుడొస్తా. సగంలో నిద్రపుచ్చితే ఒప్పుకోను."

మడతలమ్మ చేతిలో జడ పాయలు ఆగిపోయాయి. ఆ కథ వాళ్ళమ్మది. ఒక ముసలమ్మ నవ్వు పోగొట్టుకుంటుంది. సంచీ భుజాన వేసుకుని వెతుక్కుంటూ ఇల్లిల్లూ తిరుగుతుంది. మొదటింటివాళ్ళు నవ్వు లేదుగానీ దగ్గుంది, పట్టుకెళ్ళమంటారు. రెండో ఇంట్లో ఎక్కిళ్ళు ఇస్తారు. మూడో ఇంట్లో ఆవలింత. ఆ మూటంతా మోసుకుని ఏటి గట్టుకు చేరితే, అక్కడ తలుపు మూసిన ఇంట్లో ఎవరో నవ్వుతుంటారు. అచ్చం తన నవ్వే. ముసలమ్మ తలుపు కొడుతుంది.

ఆ తర్వాత ఏమైందో మడతలమ్మకు తెలియదు. వాళ్ళమ్మ కథలో ప్రతిదీ చేసి చూపించేది. దగ్గేది, ఎక్కిళ్ళు పెట్టేది. మూడో ఇంటి దగ్గర నోరు బార్లా తెరిచి ఎంత కమ్మగా ఆవులించేదంటే, ఊ కొడుతున్న పిల్లలకీ ఆవలింత వచ్చేసేది. తలుపు తెరుచుకునేలోపే కళ్ళు మూతలు పడేవి. వసపిట్ట ఒక్కతే మొండిఘటం. అమ్మమ్మ ఆవులించబోతోందని తెలియగానే రెండు చేతులతో కళ్ళు మూసుకునేది. "తలుపు ఎవరు తీశారు?" అని నిలదీసేది. అమ్మమ్మ "రేపు చెప్తాలే," అనేది. రేపు రేపంటూనే నాలుగు నెలల కిందట కన్నుమూసింది.

మడతలమ్మ ఫోను పట్టుకుంది. అన్నయ్య బస్సు డ్రైవరు, డిపోలో దొరికాడు.

"అన్నయ్యా, ముసలమ్మ కథలో తలుపు తీసిందెవరు?"

"నన్నడుగుతావేంటే? నేను ఎక్కిళ్ళ దగ్గరే గుర్రు పెట్టేవాణ్ణి. అందులో ఆవలింత ఒకటుందని నీ పెళ్ళయ్యాక తెలిసింది నాకు."

పిన్నికి చేస్తే ఆవిడ నవ్వు మొదలుపెట్టింది. "ఆ కథ మా అమ్మ చెప్పేది మాకు. అక్కా నేనూ ఒకే దుప్పట్లో టపటపా పడిపోయేవాళ్ళం. మీ అమ్మకి మాత్రం చివర తెలుసంటావా? కొత్త చీర కొంటే వీధంతా వినపడేలా చెప్పే మనిషి, తెలిసుంటే కడుపులో దాచుకునేదా?"

బుధవారం మధ్యాహ్నం మడతలమ్మ, పొడుగక్క కలిసి పెద్ద దుప్పట్లు మడతపెడుతున్నారు. చెరో అంచు పట్టుకుని, దులిపి, ఎదురెదురుగా నడిచి అంచులు కలపాలి. పొడుగక్క వేరే దేశం నుంచి వచ్చి ఏడాదైంది. మన మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చు.

"నీ ముఖం పిండని తువ్వాలు. ఎందుకు?" అంది.

నడుస్తూ, అంచులు కలుపుతూ, మడతలమ్మ కథంతా చెప్పింది. దగ్గింది. ఎక్కిళ్ళు పెట్టింది. పొడుగక్క దుప్పటి పట్టుకుని నడిమధ్యలో నిలబడిపోయింది.

"ఆగు. తర్వాత ఇది," అని నోరు బార్లా తెరిచి ఆవులించింది.

"నీకెలా తెలుసక్కా?"

"మా ఊరు, ముసలమ్మ కాదు. ముసలాయన. పోయింది నవ్వు కాదు," అంటూ పొడుగక్క సన్నగా ఈల వేసింది. "ఇది పోయింది. ఒక ఇల్లు దగ్గు ఇచ్చింది. ఒక ఇల్లు ఎక్కిళ్ళు. ఒక ఇల్లు ఇది." మళ్ళీ ఆవులించింది. "చివర ఇల్లు లేదు. పడవ. పడవ లోపల ఎవరో ఈల."

"ఎవరు? ఎవరక్కా లోపల?"

పొడుగక్క మొహం చిన్నబోయింది. రెండు చేతులూ చెంప కింద పెట్టుకుని తల వాల్చి చూపించింది. "రోజూ ఇదే. మా అమ్మ ఆవలింత చాలా మంచిది."

ఇస్త్రీ రోలరు దగ్గరున్నాయన ఆవులించాడు. అతన్ని చూసి మూటలు కట్టే ఆవిడ. సూపర్‌వైజరు తలుపు తోసుకుని వచ్చి, "ఏంటిది, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు నోళ్ళు తెరుస్తున్నారు? ఇదేమన్నా పడకగదా..." అని మాట పూర్తి చేయకుండానే తనూ ఆవులించాడు. గది గదంతా గొల్లుమంది.

మడతలమ్మ మాత్రం దుప్పటి గుండెలకు ఆనించుకుని నిలబడింది. ఎక్కడి అమ్మ, ఎక్కడి పొడుగక్క తల్లి! ఒకరి మాట ఒకరికి అర్థంకాని ఇద్దరు తల్లులు సరిగ్గా ఒకేచోట నోరు తెరిచారు. ఈ కథను చివరిదాకా విన్న పిల్ల ఎక్కడైనా ఉందా అని ఆమెకు మొదటిసారి అనుమానం వచ్చింది.

గురువారం పొద్దున బస్సులో కూర్చుని ఒక చివర కల్పించుకుంది. తలుపు ముసలమ్మ చెల్లెలు తీస్తుంది, ఇద్దరూ నవ్వుకుంటారు. బాగానే ఉందనిపించింది. తీరా ఆసుపత్రిలో, వదులు గౌనులో చక్రాల మంచం కమ్మీని గట్టిగా పట్టుకున్న పిల్ల కళ్ళు చూశాక అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"చివర నాకు తెలీదమ్మా. ఎవరికీ తెలీదు. వినేలోపే అందరం నిద్రపోయాం. నేను, మామయ్య, చిన్నమ్మమ్మ, మా పనిచోట పొడుగాంటీ. అమ్మమ్మ కూడా."

వసపిట్ట ఒక్కొక్కరికీ ఒక్కో వేలు తెరిచింది. నాలుగు వేళ్ళయ్యాక అయిదోది తెరవలేదు.

"అమ్మమ్మ లేవలేదుగా," అంది. "నిద్రపోయిందని చిన్నమ్మమ్మ చెప్పింది. లేవలేదు."

ఈ నాలుగు రోజులూ పిల్ల అడిగింది తలుపు గురించి కాదని మడతలమ్మకు అప్పుడు తెలిసింది. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"అమ్మమ్మ నిద్రపోలేదు కన్నా. జబ్బు చేసి చచ్చిపోయింది. అది వేరు, ఇది వేరు. నిద్రపోయిందని నీకు చెప్పడం మా తప్పు. ఈ కథ వింటూ అమ్మమ్మ నిద్రపోయింది నీ అంతప్పుడు. తెల్లారి లేచింది. లేచి, నా దుప్పటి లాగేశావని చిన్నమ్మమ్మని కొట్టింది కూడా."

"గట్టిగానా?"

"చిన్నమ్మమ్మనే అడుగు, ఇప్పటికీ చెప్తుంది."

పిల్ల తన చెయ్యి చూసుకుంది. అయిదో వేలు తెరిచింది.

"అందరూ లేచారా?"

"అందరూ లేచారు. ఒక్కరోజూ తప్పలేదు."

"అయితే మొదట్నుంచి చెప్పు."

నర్సు పిల్ల చేతికున్న సూదిలోకి మందు ఎక్కిస్తుంటే మడతలమ్మ కథ మొదలుపెట్టింది. దగ్గింది. పిల్ల ఊ కొట్టింది. ఎక్కిళ్ళు పెట్టింది. నర్సు కూడా పొరపాటున ఊ కొట్టింది. మూడో ఇల్లు వచ్చింది. వసపిట్ట చేతులు కళ్ళమీదికి రాలేదు. తల్లి మొహాన్నే చూస్తూ తనూ నోరంతా తెరిచి ఆవులించింది. మంచాన్ని లోపలికి తోసుకెళ్ళారు.

బయట బెంచీ మీద మడతలమ్మ చేతిరుమాలును గోరంత అయ్యేదాకా మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. ఎన్నిసార్లో ఆమెకే తెలియదు. ఎట్టకేలకు నర్సు వచ్చి లోపలికి పిలిచింది. "బాగానే ఉంది. గొంతు పచ్చిగా ఉంటుంది, ఇవాళ్టికి మాట్లాడించకండి."

పిల్ల కళ్ళు సగం తెరుచుకున్నాయి. పెదవులు కదిలాయిగానీ మాట రాలేదు. తల్లి నీళ్ళలో ముంచిన దూదితో పెదవులు తడిపింది.

దుప్పటి కిందనుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. అయిదు వేళ్ళూ తెరిచి ఉన్నాయి. కాసేపు దాన్నే చూసుకుని, పిల్ల రెండో చేతిని, సూది గుచ్చి పట్టీ వేసిన చేతిని, మెల్లగా పైకి తీసింది. ఆరోదిగా దాని బొటనవేలు తెరిచి చూపించింది.