మూడు నమూనాల్లోనూ లేని పేట

రాజమండ్రి హాల్లో బల్లల మీద మూడు ఊళ్లు వెలిగిపోతున్నాయి. అట్టతో, గాజుతో చేసిన బొమ్మ ఊళ్లు. జాతీయ క్రీడలు తమ నగరానికే కావాలని పెద్దలు పోటీ పడుతున్నారు. వస్తే ఆటగాళ్లకు ఇళ్లెలా కట్టాలో ముగ్గురు ఆర్కిటెక్టులు చూపించిన నమూనాలవి. వాటి చుట్టూ క్రోటన్ కుండీలు సర్దడానికి కడియం నర్సరీ నుంచి వచ్చింది ప్రసన్నకుమారి.

కుండీ దించుతూ మొదటి బల్ల మీద తమ కాలవను గుర్తుపట్టింది. వంతెన, దాని పక్కన చర్చి. చర్చి వెనక తన పేట ఉండాలి. అక్కడ నీలంగా ఈతకొలను ఉంది. గబగబా రెండో బల్ల దగ్గరికి వెళ్లింది. అక్కడ పచ్చిక. మూడోదాంట్లో సైకిళ్ల దారి, దాని మీద గోరంత ప్లాస్టిక్ మనుషులు.

"నువ్వూ ఓటెయ్యొచ్చమ్మా. ఏది బాగుంది?" అన్నాడు ఆఫీసరు నవ్వుతూ.

"మా ఇళ్లు ఏ దాంట్లో ఉన్నాయండి?"

ఆయన నవ్వు ఆగింది. "అవి ఆక్రమణలమ్మా."

బురదలో మట్టి పోసి తాతలు నిలబెట్టిన పేటకు ఆ హాల్లో దొరికిన పేరు అది!

సాయంత్రం పేటంతా చర్చి ముందు చేరింది. పేటవాళ్లను నర్సరీ పనికి తీసుకెళ్లే మేస్త్రీ బుల్లియ్య ఇంకో కబురు తెచ్చాడు.

"రేపు పొద్దున్నే లోడింగ్. ఢిల్లీ నుంచి ఆటల కమిటీ రేపే స్థలం చూడ్డానికొస్తంది. మన పేట ముందు రోడ్డు పొడుగునా నిలువెత్తు పామ్ మొక్కలు పెట్టాలంట."

"ఎందుకో?"

"ఇళ్లు కనపడకుండా."

అందరూ ఒకేసారి అందుకున్నారు.

"మన చేతుల్తో మన్నే కప్పెట్టుకోవాలా?" ఆశాజ్యోతి అరిచింది.

"ఎక్కడో చోట ఫ్లాట్లిస్తారంట కదా," నసిగాడు బుల్లియ్య.

"కవర్లో మొక్కలమా మావా, వేళ్లు తెంపి పక్కకి జరపడానికి?" ప్రసన్న లేచింది. "ఆ ఆటగాళ్ల మీద మనకి కోపం లేదు. ఆళ్లూ కష్టపడే పిల్లలే. మన్ని చెరిపేసి ఆళ్లకి ఇల్లు కడతామంటే మాత్రం ఊరుకోం. రేపు ఒక్క మొక్కా లారీ ఎక్కదు."

"పని పోద్దే!" అన్నాడు బుల్లియ్య.

"పేటే పోతే పనికి ఎక్కణ్ణుంచొస్తావ్?"

అతను తలగుడ్డ విప్పాడు, మళ్లీ చుట్టాడు. చివరికి వాళ్ల పక్కనే కూలబడ్డాడు.

తెల్లారేసరికి ఆడవాళ్లంతా నర్సరీ గేటు ముందు బైఠాయించారు. మగవాళ్లు పేట దగ్గర కాపున్నారు. ఓనరు గణేష్‌బాబు మండపేట వైపు నుంచి వేరే కూలీలను దింపాడు. ప్రసన్న వాళ్లను తిట్టలేదు.

"అమ్మా, ఈ మొక్కలు మా ఇళ్లు దాచడానికి. రేపు మీ పేట దాచాలంటే మమ్మల్ని పిలుస్తారు. రమ్మంటారా?"

ఒక ముసలామె తన భుజం మీది మొక్కను ఆకు నలగకుండా మెల్లగా కింద పెట్టింది. ఆమె వెనకవాళ్లూ దించేశారు.

గణేష్‌బాబు ఫోను చేస్తే పోలీసులొచ్చారు. ప్రసన్నను రెక్క పట్టి వ్యాన్‌లోకి తోశారు. తలుపులో ఇరుక్కున్న ఆమె కొంగును ఓ ఆడ కానిస్టేబుల్ చప్పుడు చెయ్యకుండా విడిపించి లోపల పెట్టింది. "మమ్మల్నీ ఎక్కించండి!" అంటూ ఆశాజ్యోతి, ఆమె వెనక మిగతావాళ్లు వ్యాన్ నిండేదాకా ఎక్కారు.

స్టేషన్‌కు దారి పేట ముందు నుంచే. అక్కడ వ్యాన్ ఆగిపోయింది. ముందు కమిటీ కార్లు ఆగి ఉన్నాయి. వాటికి అడ్డంగా రోడ్డు మీద బుల్లియ్య కూర్చున్నాడు, వెనక పేట మొత్తం. మొక్కల గోడ లేదు. ఇళ్లన్నీ తలుపులు తెరుచుకుని కనిపిస్తున్నాయి.

"లేవరా!" అన్నాడు ఎస్సై.

"ముందు ఆ వ్యాన్లో మావాళ్లని దింపండి. మా పేటని ఆళ్లే దగ్గరుండి చూపిస్తారు కమిటీకి."

ప్రసన్న వ్యాన్ కిటికీ ఇనుప జాలీ మీద అరచేత్తో గట్టిగా కొట్టింది. పక్కనున్నవాళ్లూ కొట్టారు. వ్యాన్ ఊగిపోయింది. ఆ మోతకు కమిటీ వాళ్లు ఒక్కొక్కరే కార్లు దిగారు.