ఏ సామి ముందర

“ఏదో ఒక సామి పేరు చెప్పి పంపిచ్చు. దీనికి పోయి ఇంత యోసన ఏంటికి?” అన్నాడు మునీశ్వరి మొగుడు సెందిల్‌కుమార్, మంచం మీంచి లేవకుండానే.

అప్పటికి మునీశ్వరి కొళాయి దగ్గర పదకొండో బిందె నింపుతోంది. కోవిల్‌పట్టిలో నీళ్ళు తొమ్మిది రోజులకోసారి వస్తాయి. వచ్చిన రోజున ఇంటి ఆడది ఏ ఉద్యోగం చేస్తోంది, ఏ బస్సు పట్టుకోవాలి అన్నది నీళ్ళకు పట్టదు, ఇంట్లోవాళ్ళకు అంతకన్నా పట్టదు. గంగాళం, తొట్టి, బిందెలు, ఆఖరికి చెంబులు కూడా నిండాలి. ఆ తర్వాత ఇడ్లీలు దించి, ముగ్గురికి డబ్బాలు కట్టి, ఆరుంపావు బస్సెక్కి, ఏడున్నరకల్లా విరుదునగర్ ఆస్పత్రి ఐసీయూలో డ్యూటీకి నిలబడాలి. “నీకేమి తల్లీ, పొద్దంతా ఏసీలో సల్లంగా ఉండే పని,” అని అత్తగారు అళగమ్మాళ్ రోజూ అనే మాట ఇవాళ కూడా అంది. చల్లగా ఉండే మాట నిజమే. ఆ చల్లదనంలో మనుషులు ఎట్లా పోతారో ఆవిడ ఎన్నడూ అడగలేదు.

సంగతి ఇది. నిన్న మధ్యాహ్నం కడంబూరు పక్క పల్లె నుంచి మూక్కమ్మాళ్ అనే ముసలామె ఆస్పత్రికి వచ్చింది. మునీశ్వరి లోపల పనిలో ఉండటంతో వాచ్‌మన్‌కు ఒక మాట చెప్పి వెళ్ళింది: “తెలుగు మాట్లాడే నర్సమ్మను చూడాల. రేపు మళ్ళా వస్తాను. నా కూతురికి మందు ఎక్కిచ్చే ముందర ఏ సామి ముందర పూ కట్టి చూసిందో ఆయమ్మ చెప్పాల.” ఆ కూతురు ముత్తుప్పేచ్చి చచ్చిపోయి ఏడు నెలలైంది.

పూ కట్టి చూడటం ఆ చుట్టుపక్కల అందరూ చేసేదే. పెళ్ళి సంబంధం కుదుర్చుకోవాలన్నా, బావి తవ్వాలన్నా, మనసు రెండుగా ఉంటే ఒక ఎర్రపువ్వు, ఒక తెల్లపువ్వు విడివిడిగా కాగితంలో పొట్లం కట్టి సామి ముందు పెడతారు. చిన్నపిల్ల చేత ఒకటి తీయిస్తారు. తెల్లపువ్వు వస్తే సామి సరే అన్నట్టు, ఎర్రపువ్వు వస్తే వద్దన్నట్టు. దీన్ని ఆస్పత్రిలోకి తెచ్చిపెట్టింది మాత్రం మునీశ్వరే.

డాక్టర్ రామకృష్ణన్‌కు ఒక పరిశోధన ఉండేది. పాము కరిచి, చావుబతుకుల్లో ఐసీయూకి వచ్చినవాళ్ళకు విరుగుడు మందు ఎక్కువ సీసాలు ఎక్కించాలా, తక్కువ సరిపోతుందా అన్నది తేల్చాలి. నలభై మంది రోగులకని మూతి అంటించిన కవర్లు నలభై మెడ్రాసు నుంచి వచ్చాయి. ఇంటివాళ్ళు సంతకం పెట్టాక ఒక కవరు చించాలి. లోపల ‘ఎక్కువ’ అని ఉంటే ఎక్కువ, ‘తక్కువ’ అని ఉంటే తక్కువ. ఎవరికేది వస్తుందో డాక్టరుకు కూడా ముందు తెలియకూడదు. ఇదంతా ఏడుస్తున్న మనుషులకు అర్థమయ్యేట్టు చెప్పే పని మునీశ్వరిది. కాగితాలు నింపేదీ ఆమే, కవర్లు కాపాడేదీ ఆమే. అందుకు డ్యూటీ గంటలేమీ తగ్గలేదు, ‘రీసెర్చ్ సిస్టర్’ అన్న పిలుపు ఒకటి పెరిగింది, అంతే. డాక్టరు ఇంట్లో మాట్లాడేదీ తెలుగే. ఫోనులో తల్లితో మాట్లాడుతుంటే ఆమె విన్నది. కానీ పల్లెజనం ముందు ఆ తెలుగు ఆయన నోటికి రాదు. “మీ భాషవాళ్ళు సిస్టర్, మీరే చెప్పండి,” అని తమిళంలో అంటాడు.

మొదటి రెండు కుటుంబాలూ బెదిరిపోయి సంతకం పెట్టలేదు. మూడోవాళ్ళకు మునీశ్వరి, “మన గుళ్ళో పూ కట్టి చూస్తాము కదా, అట్లా ఒక పొట్లం తీస్తాము,” అంది. గబగబా పెట్టేశారు. డాక్టరు మురిసిపోయి, ఇకమీదట అందరికీ ఇదే చెప్పమన్నాడు. ఆమె చెప్పింది పొట్లం గురించి. వాళ్ళు విన్నది సామి గురించి. ఆ తేడా ఆమెకు అప్పుడే తెలుసు. తెలియదని ఇప్పుడు అనుకోవాలని చూస్తుంది గానీ, తెలుసు.

ముత్తుప్పేచ్చిని కరిచింది కట్లపాము. ఆ ఇంట్లో మంచం ఒక్కటే. దాని మీద మొగుడు ఇసక్కి పడుకుంటాడు, ఆమె నేల మీద. తెల్లవారి లేచేసరికి ఆమెకు రెప్పలు వాలిపోయాయి, మాట పోయింది. ఆస్పత్రికి చేరేసరికి ఊపిరి కూడా సన్నగిల్లి, గొట్టం వేసి మిషను పెట్టాల్సి వచ్చింది. ఫారంలో ఒక గడి ఉంది, రోగికి తెలివి ఉందా అని; ఉంటే ఒప్పుకోవాల్సింది రోగే. కళ్ళు మూసుకున్న మనిషిని చూసి, “లేదు, టిక్కు పెట్టండి,” అన్నాడు డాక్టరు. మునీశ్వరి పెట్టింది. ఇసక్కి సంతకం చేశాడు. ఆమె కవరు చించి, బయట నిలబడ్డవాళ్ళకు ‘తక్కువ’ వచ్చిందని చెప్పింది.

మర్నాడు మునీశ్వరి ముత్తుప్పేచ్చి ఒళ్ళు తుడుస్తుంటే ఆమె అత్త మారియమ్మాళ్ లోపలికి వచ్చింది. మంచానికి ఆనుకొని, కోడలు వినదన్న ధైర్యంతో, “కాలూ చెయ్యీ రాకుంటే ఇంటికి తీసుకపోయి ఏం చేసేది? వాడికి వయసుండాది. మా తమ్ముడి కూతురు రెడీగా ఉండాది,” అంది. మునీశ్వరి చేతిలో గుడ్డ ఆగిపోయింది. మూసిన రెప్పల కింది నుంచి నీళ్ళు కారి చెవిలోకి పోతున్నాయి. అత్త వెళ్ళాక ఆమె వంగి, “నా మాట వినపడతా ఉంటే కాలి బొటనవేలు కదిలించు,” అంది. వేలు కదిలింది.

పరుగెత్తి డాక్టరుకు చెప్పింది. ఆయన కాగితాల నుంచి తల ఎత్తలేదు. “మొగుడు పెట్టిన సంతకం ఉంది కదా. ఇప్పుడు దీన్ని తిరగదోడితే ఈ కేసు పరిశోధన లెక్కలోంచి పోతుంది. ఆ టిక్కు మీ చేతిదే సిస్టర్, మరచిపోకండి.” ఆ తర్వాత తొమ్మిది రోజులు మునీశ్వరి ఆమె తల దువ్వింది, కళ్ళలో చుక్కలు వేసింది, వాన పడలేదనీ పత్తి ఎండిపోతోందనీ కబుర్లు చెప్పింది. ఈ పరిశోధన నీకు సమ్మతమేనా అన్న అసలు మాట మాత్రం ఎత్తలేదు. ఎత్తితే ఆమె వద్దంటుందేమోనని భయం. పదకొండో రోజు ఊపిరితిత్తుల్లో చీము పట్టి ముత్తుప్పేచ్చి పోయింది.

ఈ సంగతి మునీశ్వరిని ఇంతగా పట్టుకోవడానికి ఇంకో కారణం ఉంది. అది ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. తొంభై ఎనిమిదిలో రెండో కాన్పుకు ఆమెకు కడుపు కోశారు. నడుముకు సూది వేశారు, అంతే. మనిషి మేలుకొనే ఉంది. పచ్చగుడ్డకు అవతల డాక్టరు తలుపు దాకా వెళ్ళి అడగడం, సెందిల్‌కుమార్, “ఇద్దరు చాలు సార్, ఇక పుట్టకుండా కట్టేయండి,” అనడం, పెన్ను కోసం వెతుక్కోవడం అంతా ఆమె విన్నది. ఆమె కడుపు, ఆమె గర్భం, ఆమె చెవులు అన్నీ అక్కడే ఉన్నాయి. మూడోది కావాలనేదో వద్దనేదో, అదీ ఆమెకు తెలియదు. అడిగితే కదా ఆలోచించుకునేది! నుదుటి చెమట తుడుస్తున్న నర్సు ఆమె వైపు చూసి, చూపు తిప్పుకుంది. ఆ నర్సును ఆమె ఏళ్ళ తరబడి తిట్టుకుంది. ఇప్పుడు ఎవరిని తిట్టుకోవాలి?

ఎవరి కాలి వేలు కదిలినా ఆమెకు ముత్తుప్పేచ్చి వేలే గుర్తొస్తుంది. బస్సులో ఎదుటి సీటు ముసలాయన చెప్పు విప్పి వేళ్ళు ఆడిస్తే తల తిప్పేసుకుంటుంది. కూతురు సింధుజ నిద్రలో కాలు కదిపితే, “ఏం పాపా, ఏం కావాల?” అని లేచి కూర్చుంటుంది. “పిచ్చి పట్టింది దీనికి,” అంటాడు సెందిల్‌కుమార్, అటు తిరిగి పడుకుని.

డాక్టరు కూడా నిన్న సాయంత్రం మొగుడి మాటే అన్నాడు. “ఇరుక్కంగుడి అమ్మవారు అని చెప్పండి సిస్టర్. సంతోషంగా వెళ్ళిపోతుంది. లేనిపోనివి చెబితే ఉద్యోగం మీదికి వస్తుంది.” పరిశోధన ముగిసింది. ఎక్కువ, తక్కువ రెండూ ఒకటేనని తేలింది. మదురైలో మీటింగులో చదివి చప్పట్లు కొట్టించుకున్నాడు.

పదకొండు గంటలకు మూక్కమ్మాళ్ వచ్చింది. మెట్ల మీద ఒక పక్కగా కూర్చుని ఉంది. మునీశ్వరి పక్కనే కూర్చుంది.

“నీమీద కోపం లేదు తల్లీ,” అంది ముసలామె. “ఇసక్కికి రెండో పెళ్ళి అయిపోయింది. వాళ్ళమ్మ ఊరంతా చెప్తా ఉండాది, పూ కట్టి చూస్తే తక్కువ వచ్చింది, సామే దీన్ని వద్దనింది, దీంట్లో ఏదో కుత్తం, దోసం ఉండాది అని. నా మనవరాలు ఉండాది, ఆరేండ్లు. దాన్ని చూసి కూడా అట్లే మాట్లాడతా ఉండారు. ఆ సామి కాళ్ళ మీద పడి అడగాల, నా బిడ్డ ఏం తప్పు చేసింది అని. ఏ సామి ముందర తీసినావు?”

ఇరుక్కంగుడి పేరు నాలుక చివరి దాకా వచ్చింది. చెబితే ఈ ముసలామె నడుచుకుంటూ పోయి, లేని తప్పుకు పొర్లుదండాలు పెడుతుంది. మనవరాలి చేత కూడా పెట్టిస్తుంది.

“ఏ సామీ లేదు పెద్దమ్మా,” అంది మునీశ్వరి. “డాక్టరు మేజా సొరుగులో ఉండిన కవరు అది. ఎవరికి ఏది వస్తాదో తెలీకుండా మెడ్రాసులో కలిపేసి పంపినారు. పూ కట్టినట్టు అని నేనే చెప్పినాను, మీరు తొందరగా ఒప్పుకుంటారని. మీ పాపను ఎవరూ వద్దనలేదు. దాంట్లో ఏ కుత్తమూ లేదు.”

“తక్కువ మందు ఇచ్చినందుకు పోయిందా?”

“లేదు. ఎక్కువ ఎక్కిచ్చినోళ్ళకూ అంతేనని తేలింది.”

ముసలామె కొంగుతో మొహం తుడుచుకుంది. అంతటితో లేచి లోపలికి పోవచ్చు. చెప్పాల్సింది చెప్పినట్టే. మునీశ్వరి అక్కడే కూర్చుంది.

“ఇంకొకటి ఉండాది పెద్దమ్మా. మీ పాప మేలుకొనే ఉండింది. కండ్లు తెరవలేకపోయింది గానీ చెవులు వినపడతా ఉండినాయి. కడదాకా.”

మూక్కమ్మాళ్ ఆమె చెయ్యి పట్టుకుంది. “అయితే నేను దాని చెవిలో చెప్పింది? దాని పాపను నేను సాకుతానని చెప్పినానే, అది వినిందా?”

“వినింది.”

ముసలామె మొహం విచ్చుకుంది. ఒక్క క్షణమే. “అత్త కూడా లోపలికి పోయింది కదా, ఆయమ్మ చెప్పింది?”

అబద్ధం చెప్పడం ఎంత సులువో మునీశ్వరికి తెలుసు. “అదీ వినింది,” అంది.

“నీకెట్లా తెలుసు?”

“అడిగినాను. కాలి బొటనవేలు కదిలించింది.”

“జవాబు చెప్పిందా నా బిడ్డ!” మూక్కమ్మాళ్ ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకుని దగ్గరికి జరిగింది. ఏడు నెలలుగా ఎండిపోయిన కళ్ళలో ఆశ. “అన్ని దినాలు పక్కనే ఉంటివి కదా తల్లీ. ఇంకా ఏమేమి అడిగినావు దాన్ని? ఏం కావాలనింది? ఏం వద్దనింది?”

“వినపడతా ఉందా అని ఒక్కటే అడిగినాను పెద్దమ్మా,” అంది మునీశ్వరి. “ఇంకేమీ అడగలేదు.”